తివాచీలో క్రిములు పెరగకుండా: తడి దగ్గర మొదలుపెట్టి చేయాల్సిన పనులు

పట్టపగలే ఒక టార్చిలైటు తీసుకుని మీ తివాచీ పక్కన మోకాళ్ళ మీద కూర్చోండి. సోఫా ముందు, అందరూ కాళ్ళు పెట్టే చోటు ఎంచుకోండి. జుట్టుకి పాపిడి తీసినట్టు, రెండు చేతుల వేళ్ళతో పోగుల్ని చెరోవైపుకీ విడదీసి మొదళ్ళు కనిపించేదాకా చూడండి. పైన రంగు ఎంత నిగనిగలాడుతున్నా అడుగున బూడిదరంగు పొడి పేరుకుని ఉంటుంది. సన్నటి ఇసుక, వెంట్రుకలు, బట్టల నూగు, తినేటప్పుడు రాలిన నలుసులు, మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొలుసులు అన్నీ కలిసిన పొడి అది. తివాచీలో బతికే ప్రాణులకు అదే తిండి. దానికి తడి తోడైతే వాటి కాపురం స్థిరపడిపోతుంది.

కింద చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది: తిండి తీసేయాలి, తడి నిలవకుండా చూడాలి. రెండింట్లో తడి సంగతే పెద్దది. మందు చల్లి క్రిముల్ని చంపడం ఆఖరి మాట, అదీ ఎప్పుడో ఒకసారి. చాలా ఇళ్ళలో దీన్ని తలకిందులుగా చేస్తారు. సువాసన వచ్చే స్ప్రేలు కొని చల్లుతుంటారు, అడుగున చెమ్మ మాత్రం అలాగే ఉంటుంది. ఆ తివాచీ మీదే పసివాళ్ళు దోగాడతారు, నేలకి జానెడు ఎత్తులో ముక్కు పెట్టి ఊపిరి పీల్చుకుంటారు, ఆ చేతుల్నే నోట్లో పెట్టుకుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లోపల ఎవరెవరు ఉంటారు

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేవి డస్ట్ మైట్లు. పురుగులని అంటాం కానీ ఇవి సాలీళ్ళకు బంధువులు, ఎనిమిది కాళ్ళుంటాయి. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి కంటికి ఆనవు. కుట్టవు, రక్తం తాగవు, చర్మపు పొలుసులు తిని బతుకుతాయి. చిక్కంతా వాటి మలంతోనే. అందులోని ప్రొటీన్లు పడనివాళ్ళకి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం, పిల్లికూతలు మొదలవుతాయి. మైటు చచ్చిపోయినా ఆ ప్రొటీన్ ఎక్కడికీ పోదు. కాబట్టి చంపే మందు కొట్టి ఊరుకుంటే తుమ్ములు ఆగవు, ఆ మలాన్ని బయటికి తీయాల్సిందే.

వీటి బలహీనత ఒకటుంది. డస్ట్ మైట్లు మనలా నీళ్ళు తాగలేవు. ముందు కాళ్ళ మొదట్లో ఉండే గ్రంథులతో గాలిలోని తేమని లాక్కుని దాహం తీర్చుకుంటాయి. గదిలో గాలి తేమ 50 శాతానికి దిగువన రోజుల తరబడి ఉంటే వాటి ఒంట్లో నీరు ఆవిరైపోయి ఎండిపోతాయి. ఒక్క చుక్క రసాయనం లేకుండా వాటిని తగ్గించే దారి ఇదే.

తర్వాతది బూజు. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, వాటిని ఆపలేం. తివాచీ తడిసి 24 నుంచి 48 గంటలు ఆరకుండా ఉంటే మొలకెత్తుతాయి. ముందు పెరిగేది పైన కాదు, అడుగు పొరలో. అందుకే బూజుని కంటికన్నా ముందు ముక్కే పట్టుకుంటుంది. మూత తీయని ట్రంకుపెట్టెలోంచి వచ్చే ముక్కిన వాసన గదిలో వస్తోందంటే తివాచీ మూల ఎత్తి చూడాలి.

బ్యాక్టీరియా గురించి కొంచెం నిదానంగా ఆలోచించాలి. తివాచీ టాయిలెట్ సీటుకన్నా మురికిదని తరచూ వింటుంటాం. లెక్కకి అది నిజమైనా కాకపోయినా, లెక్క ఒక్కటే చూసి భయపడనక్కర్లేదు. అందులో అధిక భాగం మన చర్మం మీదా మట్టిలోనూ మామూలుగా ఉండేవే, ఆరోగ్యవంతుల్ని ఏమీ చేయవు. పట్టించుకోవాల్సినవి కొన్నే: చెప్పుల అడుగున వచ్చే ఈ.కోలై, పెంపుడు జంతువుల నుంచి వచ్చే సాల్మొనెల్లా, చర్మం నుంచి రాలే స్టెఫిలోకాకస్. ఇవి పొడి తివాచీలో కొన్నాళ్ళు బతికి ఉండగలవు కానీ వృద్ధి చెందలేవు. వృద్ధి చెందాలంటే వాటికీ తడి కావాలి. ఇంట్లో పసిపాపలు, పెద్ద వయసువాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు ఉంటే మాత్రం ఈ కొన్నింటినీ తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక నోరోవైరస్. వాంతులు, విరేచనాలు తెప్పించే ఈ వైరస్ మొండిది. వందకు లోపు కణాలు ఒంట్లోకి వెళ్ళినా జబ్బు చేయగలదు. ఒక ఆసుపత్రి వార్డులో ఈ జబ్బు సద్దుమణిగిన సుమారు రెండు వారాలకి పాత కార్పెట్ పీకిన ఇద్దరు పనివాళ్ళు అదే జబ్బున పడ్డ ఉదంతం వైద్య పత్రికల్లో నమోదైంది. వాంతి పడిన తివాచీ విషయంలో ఎందుకంత జాగ్రత్త చెబుతానో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మొదటి పని: మీ తివాచీ దేంతో నేశారో తెలుసుకోండి

ఉన్నికి చేసే పని నైలాన్‌కి చేయొచ్చు, నైలాన్‌కి చేసేది ఉన్నికి చేయకూడదు. వెనక చీటీ ఉంటే చదవండి. లేకపోతే అంచు నుంచి ఒక్క పోగు పీకి, సింకు మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లటి ఉండ వేళ్ళ మధ్య నలిపితే పొడైతే అది ఉన్ని లేదా పట్టు. కాగితంలా కాలి బూడిదైతే నూలు, జనపనార, లేదా విస్కోస్ (కలప గుజ్జుతో చేసే పోగు). కరిగి గట్టి పూసలా ముడుచుకుపోతే నైలాన్, పాలిస్టర్ లాంటి కృత్రిమ పోగు.

ఇది తెలిస్తే తప్పించుకోగల నష్టాలు చాలా ఉన్నాయి. ఉన్నికీ పట్టుకీ బ్లీచ్ తగిలితే పోగే కరిగిపోతుంది. వేడినీళ్ళలో వేసి రుద్దితే ఉన్ని ముడుచుకుపోతుంది. విస్కోస్ తడిస్తే బలం కోల్పోయి తెగుతుంది. జనపనార అడుగున్న తివాచీని బాగా తడిపితే, ఆరేటప్పుడు గోధుమరంగు చారలు పైకి తేలతాయి.

ఏ ద్రావణం వాడినా ముందు సోఫా వెనక పడే మూలలో పరీక్షించండి. నాలుగు చుక్కలు వేసి, తెల్ల గుడ్డతో ఒక నిమిషం నొక్కి పట్టుకోండి. గుడ్డకి రంగు అంటితే ఆ ద్రావణం మీకు పనికిరాదు.

రెండో పని: గడప దగ్గరే ఆపండి

ఇది తేలిక, ఫలితం మాత్రం ఎక్కువ. తివాచీలోకి చేరే ఇసుక, మట్టి, వీధి మురికిలో పెద్ద వాటా చెప్పుల మీద ఎక్కి వచ్చేదే. చెప్పులు బయట విడవాలి. గుమ్మం బయట గరుకు పట్టా ఒకటి, లోపల నీళ్ళు పీల్చే పట్టా ఒకటి వేయండి. రెండిటినీ వారానికోసారి బయట దులపండి, లేకపోతే అవే మురికి పంచిపెడతాయి. తడికాళ్ళతో తివాచీ ఎక్కకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. స్నానాల గది గుమ్మం దగ్గర పరిచిన తివాచీ ముక్క ఆరే సందే ఉండదు, దాన్ని అక్కణ్ణుంచి తీసేయడమే మేలు.

మూడో పని: వాక్యూమ్ చేసే పద్ధతి మార్చండి

వాక్యూమ్ క్లీనర్ ఉన్న చాలామంది దాన్ని చీపురులా వాడతారు. గబగబా ముందుకీ వెనక్కీ తోసి, పైన కనిపించే నలుసులు పోగానే ఆపేస్తారు. టార్చిలైటుతో మనం చూసిన ఆ బూడిదరంగు పొడి అలా రాదు. పోగుల మొదట్లో ఇరుక్కున్న ఇసుక కదలాలంటే బ్రష్ దాన్ని తట్టాలి, తట్టినదాన్ని గాలి పైకి లాగడానికి కాస్త సమయం దొరకాలి. కాబట్టి నెమ్మదిగా వెళ్ళాలి. మీటరు దూరం తోయడానికి మూడు నాలుగు సెకన్లు పట్టనివ్వండి. వెనక్కి లాగేటప్పుడు ఇంకా నెమ్మది. గది పొడవునా ఒకసారి అయ్యాక, అడ్డంగా ఇంకోసారి. పోగు ఒకవైపుకి వాలి ఉంటుంది, అది కప్పేసిన దుమ్ము రెండో దిశలో బయటపడుతుంది.

బ్రష్ ఎత్తు కూడా చూసుకోండి. మరీ కిందికి దించితే బ్రష్ తిరగలేక పోగులో కూరుకుపోతుంది, ఎత్తు ఎక్కువైతే పైపైన గాలి వీస్తుంది. పోగు కొసలు బ్రష్‌కి తగులుతూ, మిషను తోయడానికి బరువుగా లేకుండా ఉంటే సరిపోయినట్టు. చేత్తో ముడులు వేసిన ఉన్ని తివాచీల మీదా, ఉచ్చుల్లాంటి పోగున్న వాటి మీదా తిరిగే బ్రష్ వాడకండి, పోగు లేచిపోతుంది. అంచు కుచ్చుల మీదికి మిషనుని పోనివ్వకండి.

చేతి ముడుల తివాచీకి ఒక పాత పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టం. దాన్ని బోర్లా తిప్పి, శుభ్రమైన గట్టి నేల మీద పరచండి. వెనక వైపు అంతా వాక్యూమ్‌తో నెమ్మదిగా తట్టుకుంటూ వెళ్ళండి. ఎత్తి చూస్తే కింద నేల మీద ఇసుక గీతలు గీతలుగా రాలి ఉంటుంది. దాన్ని ఊడ్చేసి మళ్ళీ తిప్పి తట్టండి. రాలడం ఆగేదాకా ఇలాగే చేయండి. మొదటిసారి చేసినవాళ్ళు ఇంత మట్టి మీద ఇన్నాళ్ళూ కూర్చున్నామా అని నోరెళ్ళబెడతారు.

ఫిల్టర్ గురించి ఒక మాట. లోపలికి లాగిన దుమ్ము వెనక నుంచి సన్నటి పొడిగా మళ్ళీ గదిలోకే వస్తే చేసిన పనంతా వృథా. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల సైజు కణాల్లో 99.97 శాతాన్ని ఆపుతుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే అలాంటి మిషనే కొనండి. సంచి ముప్పాతిక నిండకముందే మార్చాలి. డబ్బా ఉన్న రకమైతే ఇంటి బయట, మాస్క్ పెట్టుకుని, సంచిలో ఒంపి మూతి కట్టేయాలి. కడిగే ఫిల్టరైతే కడిగాక ఒక పూర్తి రోజు ఆరనిచ్చి బిగించండి. తడి ఫిల్టర్ పెడితే ఆ మిషనే బూజుని ఇల్లంతా చల్లుతుంది. బ్రష్‌కి చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో పొడవునా కోసి లాగేయండి.

వాక్యూమ్ చేసినప్పుడు కొంత దుమ్ము లేచి తీరుతుంది. మైట్ల మలం బరువైనది కాబట్టి అరగంటలో కిందికి దిగుతుంది. పడనివాళ్ళు ఆ అరగంట వేరే గదిలో ఉండాలి, వాళ్ళ చేత ఆ పని చేయించకూడదు. ఇంకొకటి కూడా తెలుసుకోవాలి: బతికున్న మైట్లు పోగుల్ని గట్టిగా పట్టుకుని వేలాడతాయి, వాక్యూమ్‌కి అన్నీ రావు. వచ్చేది వాటి తిండి, వాటి మలం. మిగతా పని పొడి గాలి చేస్తుంది.

ఎన్నాళ్ళకోసారి? మామూలు గదికి వారానికి ఒకసారి. దోగాడే పిల్లలో, పెంపుడు కుక్కో పిల్లో ఉంటే రెండు మూడుసార్లు. ఎక్కువగా నడిచే దారి మాత్రం రోజు విడిచి రోజు. గదంతా కాకపోయినా ఆ ఒక్క దారీ చేసినా చాలు.

వాక్యూమ్ లేనివాళ్ళు మూసిన గదిలో పొడి చీపురుతో గట్టిగా ఊడ్వకండి, దుమ్మంతా గాలిలోకి లేస్తుంది. చిన్న తివాచీని బయట దండెం మీద వేసి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, మాస్క్ పెట్టుకుని వెనక వైపు నుంచి కర్రతో కొట్టండి.

నాలుగో పని: ఒలికిందంటే వెంటనే అద్దండి, రుద్దకండి

పాలో, పళ్ళరసమో ఒలికింది. తెల్లటి నూలు గుడ్డ మడత పెట్టి మరక మీద పెట్టి, దాని మీద మడమతో బరువంతా వేసి నిలబడండి. గుడ్డ తడిసిన చోటు మడిచి పొడి వైపు తిప్పి మళ్ళీ నొక్కండి. అంచు నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి అంచుకి వెళితే మరక పెద్దదవుతుంది. రుద్దితే ద్రవం పోగు మొదట్లోకి దిగి అడుగు పొరకి చేరుతుంది. ఒకసారి అక్కడికి చేరిందంటే పైనుంచి ఎంత తుడిచినా రాదు.

గుడ్డకి ఇక తడి అంటనప్పుడు, మామూలు నీళ్ళు నాలుగైదు చెంచాలు పోసి మళ్ళీ అద్దండి. జిడ్డు ఉంటేనే సబ్బు, అదీ కప్పు నీళ్ళకి పావు చెంచా గిన్నెల లిక్విడ్ మించకుండా. సబ్బు వాడితే ఉత్త నీళ్ళతో కనీసం రెండుసార్లు అద్ది తీసేయాలి. మిగిలిన సబ్బు జిగటగా ఎండి, వచ్చిపోయే దుమ్మునంతా పట్టుకుంటుంది. కడిగిన చోటే తొందరగా నల్లబడడానికి కారణం చాలాసార్లు అదే. రక్తమైతే చన్నీళ్ళే వాడాలి, వేడికి రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి పోగుకి అతుక్కుపోతుంది. ఎవరి రక్తమైనా సరే చేతికి గ్లోవ్స్ ఉండాలి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతకగలదు.

చివరగా పొడి గుడ్డలు నాలుగైదు పొరలు పరిచి, మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద బరువైన పుస్తకాలు పెట్టి రెండు మూడు గంటలు వదిలేయండి. అడుగున దాక్కున్న తడిని గుడ్డలు పైకి లాక్కుంటాయి. తర్వాత అవన్నీ తీసేసి ఫ్యాన్ పెట్టండి.

ఐదో పని: వాంతి, మలం, మూత్రం పడినప్పుడు

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. ముందు పిల్లల్నీ జంతువుల్నీ గది బయటికి పంపించి, కిటికీ తెరవండి. గ్లోవ్స్, మాస్క్ పెట్టుకోండి. వాంతి మీద మందంగా టిష్యూ కాగితాలు పరచి తడి పీల్చనివ్వండి. తర్వాత అట్టముక్కతో అంచు నుంచి లోపలికి గీకి, కాగితాలతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించండి. ఎట్టి పరిస్థితుల్లోనూ దాని మీద వాక్యూమ్ పెట్టకండి. వైరస్‌ని గాలిలోకి చిమ్మినట్టవుతుంది.

తర్వాత కొద్దిగా సబ్బునీళ్ళతో అద్ది, ఉత్త నీళ్ళతో అద్ది, చివరికి ఆవిరి పట్టించాలి. నోరోవైరస్ పూర్తిగా చావాలంటే 70 డిగ్రీల సెల్సియస్ వేడి 5 నిమిషాలు, లేదా 100 డిగ్రీల వేడి ఒక నిమిషం తగలాలి. ఆవిరి మిషను పైపైన ఒకసారి తిప్పితే అంత వేడి లోపలికి దిగదు. ఒక్కో జానెడు చోటా ఆపి, గడియారం చూసుకుని పట్టించండి. ఉన్ని, పట్టు, విస్కోస్ ఈ వేడికి ఆగకపోవచ్చు, ఆ తివాచీలని వృత్తిగా శుభ్రం చేసేవాళ్ళకి అప్పగించండి. ఏం పడిందో వాళ్ళకి ముందే చెప్పడం మన బాధ్యత. చేతులకి శానిటైజర్ రాసుకుని వదిలేయకండి, ఆల్కహాల్ ఈ వైరస్ మీద అంతగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి.

మూత్రానికి ఎంజైమ్ క్లీనర్ మంచిది. మూత్రం ఎంత లోతుకి దిగిందో ద్రావణమూ అంత లోతుకి దిగాలి. డబ్బా మీద రాసినంతసేపు ఉంచి అద్దేయండి. మూత్రం పడిన చోట బ్లీచ్ పోయడం ప్రమాదం. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాతో బ్లీచ్ కలిస్తే ఊపిరితిత్తుల్ని మండించే క్లోరమైన్ వాయువు పుడుతుంది. బ్లీచ్‌తో వెనిగర్ కలిపినా అంతే, అప్పుడు వచ్చేది క్లోరిన్ వాయువు.

ఆరో పని: లోతుగా కడగడం

ఏడాదికోసారి, పిల్లలూ జంతువులూ ఉంటే రెండుసార్లు చాలు. ఊరికే ఊరికే కడిగితే తడి ఎక్కువై మేలుకన్నా కీడు జరుగుతుంది. చాలామంది స్టీమ్ క్లీనింగ్ అని పిలిచేది నిజానికి ఆవిరి కాదు. వేడినీళ్ళు చిమ్మి, వెంటనే వెనక్కి లాగేసే మిషనుతో కడిగే పద్ధతి అది. పొడి తేలిక, బురద మొండి కాబట్టి కడగబోయే ముందు వాక్యూమ్ బాగా చేయాలి.

పొద్దున్నే మొదలుపెట్టండి. గాలి పొడిగా ఉండే రోజు ఎంచుకోండి. సబ్బు డబ్బా మీద చెప్పినదానిలో సగం వేసినా ఎక్కువసార్లు సరిపోతుంది. ఒకసారి సబ్బునీళ్ళు, ఒకసారి ఉత్త నీళ్ళు. ఆ తర్వాత నీటి మీట వదిలేసి, పీల్చే గొట్టం ఒక్కటే మూడుసార్లు తిప్పండి. మిషను గాజు మూతలో నీటి చారలు కనిపించడం ఆగేదాకా పీల్చండి. జనం ఎక్కువగా ఎగ్గొట్టే మెట్టు ఇదే, ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే.

చిన్న నూలు తివాచీలకి ఇంత తంతు అక్కర్లేదు. చీటీ ఒప్పుకుంటే 60 డిగ్రీల నీళ్ళలో మిషనులో వేయండి, మైట్లు చస్తాయి, ప్రొటీన్ కూడా కొట్టుకుపోతుంది. ఉతకలేని చిన్న రగ్గుని కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు రోజులు పెట్టినా మైట్లు చస్తాయి. ప్రొటీన్ మాత్రం ఉంటుంది కాబట్టి తీశాక దులిపి వాక్యూమ్ చేయాలి. ఎండ కూడా మంచి మందే. ముందూ వెనకా రెండు వైపులా బాగా ఎండనివ్వండి. రంగు వెలిసే రకమైతే వెనక వైపే ఎండకి పెట్టండి.

ఏడో పని: ఆరబెట్టడం

ఒకసారి మా ఇంట్లో పెద్ద కార్పెట్ కడిగించాను. కడిగినవాళ్ళు సాయంత్రానికి ఆరిపోతుందని చెప్పి వెళ్ళారు. పైన చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంది, నమ్మేశాను. మూడో రోజున మంచం వైపు నుంచి ముక్కిన వాసన మొదలైంది. మంచం జరిపి మూల ఎత్తితే అడుగు పొర మీద అరచేయంత మేర నల్లటి చుక్కలు, కింద నేల ఇంకా చెమ్మగా ఉంది. గాలి తగిలే నడిమి భాగం ఆరింది, గాలి ఆడని మంచం కింద ఆరలేదు. అప్పటినుంచి ఆరబెట్టడాన్ని కడగడంలో భాగంగా కాకుండా విడి పనిగానే చూస్తాను.

పోగు 6 నుంచి 12 గంటల్లో ఆరాలి, అడుగు పొరతో సహా 24 గంటలు దాటకూడదు. సామాను గదిలోంచి తీసేయండి. కదలని బరువైన సామాను కాళ్ళ కింద అల్యూమినియం రేకు పెట్టండి, తుప్పూ చెక్క రంగూ తివాచీకి ఎక్కవు. సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే చాలదు. నేల మీద పెట్టే ఫ్యాన్‌ని తివాచీకి సమాంతరంగా గాలి వీచేలా పెట్టండి. పరిచిన తివాచీ అయితే ఒక అంచు ఎత్తి, కింద పెట్టె లాంటిది పెట్టి అడుగున కూడా గాలి ఆడనివ్వండి.

కిటికీలు తెరవాలా వద్దా అన్నది బయటి గాలిని బట్టి. బయట పొడిగా ఉంటే తెరవండి. వాన పడుతుంటే తెరిచిన కిటికీ తేమని లోపలికి పిలుస్తుంది. అప్పుడు మూసేసి ఏసీ గానీ, గాలిలోని తేమని లాగేసే డీహ్యూమిడిఫయర్ గానీ నడపండి.

ఆరిందో లేదో చూడడానికి అరచేతిని నమ్మకండి. చేతి వెనక భాగం పోగుల మొదట్లోకి ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. తర్వాత తెల్ల టిష్యూ కాగితం నాలుగు మడతలు వేసి, మడమతో ఒక నిమిషం తొక్కి తీసి చూడండి. చివరికి మూల ఎత్తి అడుగు పొర తాకండి. మూడూ పొడిగా ఉంటేనే సామాను వెనక్కి తేవాలి.

మామూలు రోజుల్లో కూడా గది తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి తివాచీ దగ్గర పెట్టుకోండి. 50 లోపు ఉంటే మంచిది, 60 దాటి రోజుల తరబడి ఉంటే ఏదో ఒకటి చేయాలి: తడి బట్టలు ఆ గదిలో ఆరేయడం మానడం, వంటింటి ఆవిరి బయటికి పంపడం, గోడలో కారుతున్న పైపు బాగుచేయించడం.

బేకింగ్ సోడా, వెనిగర్, స్ప్రేలు

బేకింగ్ సోడా వాసన తగ్గిస్తుంది, క్రిముల్ని చంపదు. పైగా ఆ మెత్తటి పొడి పూర్తిగా రాదు, వాక్యూమ్ ఫిల్టర్లని మూసేస్తుంది. వాడితే పలచగా వాడండి. వెనిగర్‌ని క్రిమిసంహారిణిగా నమ్ముకోకండి. క్రిమిసంహారక స్ప్రేలు గట్టి ఉపరితలాల మీద బాగా పనిచేస్తాయి. తివాచీలో మాత్రం పోగు కొసలు దాటి లోపలికి దిగవు, దిగినా అక్కడున్న మురికే వాటి శక్తిని లాగేస్తుంది. సువాసన పొడులు వాసనని కప్పుతాయంతే. ముక్కిన వాసన ఒక సమాచారం, దాన్ని కప్పేస్తే బూజు ఎక్కడుందో చెప్పే ఆధారం పోతుంది.

జంతువులున్న ఇంట్లో

ఫ్లీలు, అంటే జంతువుల రక్తం తాగుతూ గెంతే చిన్న పురుగులు, జంతువు ఒంటి మీద కనిపించేవి కొన్నే. గుడ్లు తివాచీలోకి జారిపోతాయి, పిల్లపురుగులు అక్కడే పెరిగి గూడు కట్టుకుంటాయి. గూట్లో ఉన్నప్పుడు మందులు అంతగా తగలవు. వాక్యూమ్ అదురుకి మాత్రం గూడు చీల్చుకుని బయటికి వస్తాయి, అప్పుడు దొరుకుతాయి. కాబట్టి పశువైద్యుడి సలహాతో జంతువుకి మందు వేసిన నాటి నుంచి రెండు మూడు వారాలు రోజూ వాక్యూమ్ చేసి, చెత్తని వెంటనే మూతి కట్టి బయట పడేయండి. పిల్లికి తామర వచ్చినా అంతే పట్టుదల కావాలి, ఆ శిలీంధ్రపు బీజాలు రాలిన వెంట్రుకల్లో నెలల తరబడి బతికే ఉంటాయి.

వదులుకోవాల్సిన తివాచీ

మురుగునీరు గానీ వరదనీరు గానీ ముంచిన తివాచీని కడిగి వాడుకోవాలని చూడకండి. శుభ్రమైన నీళ్ళతోనే అయినా 48 గంటలకు మించి నానిపోయి, అడుగు పొర నల్లబడిందంటే దాన్నీ వదులుకోవాల్సిందే. చచ్చిన బూజు కూడా పడనివాళ్ళకి బాధ తెస్తుంది, పైన స్ప్రే కొట్టి మిగుల్చుకోలేం. ఉబ్బసం ఉన్న పిల్లలు నిద్రపోయే గదిలో, ఇన్ని చేసినా పిల్లికూతలు తగ్గకపోతే, గోడ నుంచి గోడకి పరిచిన కార్పెట్ తీసేసి గట్టి నేల మీద ఉతుక్కోగల చిన్న తివాచీ వేయడం గురించి డాక్టరుతో మాట్లాడండి.

బూజు పట్టినదాన్ని తీసేటప్పుడు ఎన్‌95 మాస్క్, గ్లోవ్స్ పెట్టుకుని, గది తలుపు మూసి, పైన కొద్దిగా నీళ్ళు చిలకరించండి, బీజాలు లేవవు. చాకుతో వెడల్పాటి పట్టీలుగా కోసి, బూజు లోపలికి ఉండేలా చుట్టి, ప్లాస్టిక్‌లో కట్టి బయటికి తీసుకెళ్ళండి. కింద వేసిన మెత్త కూడా దాంతోనే పోవాలి.

కొత్తది పరిచే ముందు నేలని పరీక్షించండి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కని నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించి, ఒక పూర్తి రోజు వదిలేయండి. ప్లాస్టిక్ లోపలి వైపు నీటి బిందువులు పట్టినా, నేల రంగు ముదిరినా అడుగు నుంచి చెమ్మ వస్తోందన్నమాట. అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి బాగుచేయించేదాకా ఆ గదిని ఉత్త నేలతోనే ఉంచండి.